నల్లరేగడి ఎంత ఉబ్బుతుంది? ఒక ప్రశ్న, పలు కొలతలు

ఎండాకాలం చివర అనంతపురం పీఠభూమి మీద రెండు నేలలు రెండు తీరుల్లో ఎండుతాయి. వేరుశనగ పండే ఎర్ర గరపనేల గట్టిపడుతుంది, పైన పెచ్చు కడుతుంది, అంతకుమించి కదలదు. ఉరవకొండ, విడపనకల్లు, తాడిపత్రి వైపు విస్తారంగానూ, మిగతా చోట్ల పల్లాల్లోనూ పరుచుకున్న నల్లరేగడి మాత్రం చెయ్యి దూరేంత వెడల్పున నెర్రెలు బారుతుంది. సెప్టెంబరు వానలు పడ్డాక ఆ నెర్రెలు పూడి నేల పైకి లేస్తుంది. రబీ శనగకు పదును నిలవడం, ఇంటి గోడ చీలడం, కాలువ లైనింగు పలకలు లేవడం అన్నిటి వెనకా ఉన్నది ఈ ఒక్క కదలికే.

ఈ కదలిక ఎందుకు, ఎంత అన్న ప్రశ్న మీద నూరేళ్లకు పైగా పరిశోధన సాగింది. సమాధానాలు పోగయ్యాయి గానీ ఒకదానితో ఒకటి పొసగడం లేదు. ఖనిజ శాస్త్రవేత్త పొరల మధ్య దూరాన్ని కొలుస్తాడు, నేల శాస్త్రవేత్త మట్టిగడ్డను, వ్యవసాయ శాస్త్రవేత్త నెర్రె లోతును, ఇంజినీరు పునాది మీది ఒత్తిడిని కొలుస్తారు. ఒకరి అంకెను మరొకరి ప్రశ్నకు జవాబుగా వాడుకోవడం దగ్గరే చిక్కు మొదలైంది.

గార్లదిన్నె మండలానికి ఇది పుస్తకాల్లోని చర్చ కాదు. మండలంలోని పెనకచర్ల దగ్గర పెన్నా మీద కట్టిన మిడ్ పెన్నార్ జలాశయానికి తుంగభద్ర ఎగువ కాలువ (హెచ్చెల్సీ) నీరు చేరుతుంది. ఏటా సగటున సుమారు 550 మి.మీ. వాన మాత్రమే పడే ఈ సీమలో నల్లనేల ఏడాదికి ఒకసారి బాగా తడిసి ఒకసారి నిలువునా ఎండే లయకు అలవాటుపడింది. కాలువ, బోరు మరో లయను తెచ్చాయి. లయ మారితే నేల కదలిక ఎలా మారుతుందన్నదే ఇప్పటికీ తెగని ప్రశ్నల్లో ముఖ్యమైనది.

రేగడ నుంచి వర్టిసాల్ దాకా

నల్లనేలకు ప్రపంచ భూగర్భ గ్రంథాల్లో చాలాకాలం నిలిచిన పేరు ‘రెగర్’. అది మన ‘రేగడ’ మాటకు వచ్చిన రూపం. 19వ శతాబ్దంలో వాదమంతా ఈ నేల పుట్టుక చుట్టూ తిరిగింది. దక్కను నల్లరాయి చివికి ఏర్పడిందని టర్న్‌బుల్ క్రిస్టీ వంటివారు అన్నారు. నీటి అడుగున పేరుకున్న ఒండ్రు అని మద్రాసు సైన్యాధికారి న్యూబోల్డ్ వాదించాడు. అనంతపురం 1882లో బళ్లారి నుంచి విడివడి జిల్లా అయింది. ఈ రెండు జిల్లాల నేలలు మొదటి వాదానికి ఇబ్బంది తెచ్చాయి. ఇక్కడి అడుగురాయి చాలావరకు గ్రానైటు, నైసు. నల్లరాయి లేని చోట నల్లనేల ఎలా వచ్చింది?

ఈ ముడి విప్పడానికి ఎక్కువగా తోడ్పడినవి నాగపూర్‌లోని జాతీయ నేలల సర్వే సంస్థలో డి.కె. పాల్ బృందం చేసిన అధ్యయనాలు. స్మెక్టైట్ అనే ఉబ్బే బంకఖనిజం ఇప్పటి పొడి వాతావరణంలో పెద్దగా పుట్టదనీ, ఇంతకంటే తేమగా ఉన్న పూర్వకాలంలో ఫెల్డ్‌స్పార్లు చివికి ఏర్పడి పల్లాలకు కొట్టుకొచ్చిందనీ వారి నిర్ధారణ. మిట్టన ఎర్రనేల, పల్లాన నల్లనేల ఒకే రాయి మీద ఇరుగుపొరుగున ఉండటం ఇందువల్లేనన్నది ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటున్న మాట.

పేరు విషయం 1960లో తేలింది. అమెరికా కొత్త వర్గీకరణ ఇలాంటి నేలలన్నిటినీ ‘వర్టిసాల్’ అన్న వర్గంలో చేర్చింది. కనీసం 30 శాతం బంకమన్ను, ఎండినప్పుడు తెరుచుకునే పగుళ్లు, లోపల నునుపుదేరిన జారుడు ముఖాలు దానికి గుర్తులు. దీంతో నేలను రంగును బట్టి కాక కదలికను బట్టి గుర్తించడం మొదలైంది. భారతదేశంలో నల్లనేలల విస్తీర్ణం 7 కోట్ల హెక్టార్లకు పైమాటే. వాటిలో అన్నీ వర్టిసాళ్లు కావు. ‘నల్లనేల’ అనగానే ఒకే ఉబ్బుగుణాన్ని ఊహించుకోకూడదు.

ఉబ్బు ఎక్కడ పుడుతుంది?

మొదటి వాదం పొరలది. స్మెక్టైట్ వర్గంలో ముఖ్యమైన మాంట్‌మోరిలోనైట్ అతిపలుచని పలకల కట్ట. పలకల మీది రుణావేశాన్ని వాటి మధ్య ఉన్న కాల్షియం, సోడియం వంటి అయాన్లు సరితూచుతాయి. ఈ పలకల మధ్యకు నీరు చొరబడి వాటిని ఎడంచేస్తుందని 1933లో హాఫ్‌మన్, ఎండెల్, విల్మ్ చూపించారు. 1954లో నారిష్ కొలతలు దాన్ని అంకెల్లోకి తెచ్చాయి. పూర్తిగా ఎండినప్పుడు సుమారు 1 నానోమీటరు ఉండే పొరల దూరం తడిసేకొద్దీ మెట్లుమెట్లుగా 2 నానోమీటర్ల దాకా పెరుగుతుంది. అయాన్ సోడియమై నీటిలో ఉప్పు తక్కువైతే అది ఒక్కసారిగా 4 నానోమీటర్లకు గెంతి, ఆపైన ఆగకుండా పెరుగుతూ పోతుంది. కాల్షియం అయితే రెండు నానోమీటర్ల దగ్గరే దాదాపు ఆగిపోతుంది.

రెండో వాదం విద్యుత్తుది. గూయీ 1910లో, చాప్‌మన్ 1913లో వేసిన సిద్ధాంతం ప్రకారం బంకరేణువు చుట్టూ అయాన్ల మబ్బు పరుచుకుంటుంది. రెండు మబ్బులు దగ్గరైతే ఒకదాన్నొకటి నెడతాయి. నీటిలో ఉప్పు పెరిగితే మబ్బు పలచబడి నెట్టుడు తగ్గుతుంది. సోడియం మట్టి ప్రవర్తనను ఈ సిద్ధాంతం చక్కగా వివరిస్తుంది.

చిక్కంతా మన నేలలతో వచ్చింది. సీమ నల్లనేలలు చాలావరకు కాల్షియం నేలలు, సుద్దగడ్డలు నిండినవి. కాల్షియం మట్టి పొరలు రెండు నానోమీటర్ల దగ్గర ఆగిపోతే పొలంలో కనిపించే ఇంత కదలిక ఎక్కడిది? 1988లో విల్డింగ్, టెసియే మూడో వాదం తెచ్చారు. పొలంలో నేల ఎంత ఎండినా పొరల మధ్య నీరు చాలావరకు అలాగే ఉంటుందనీ, అసలు మార్పు పలకల కట్టలకూ కట్టలకూ మధ్య ఉన్న సన్నని ఖాళీల్లో జరుగుతుందనీ వారి వాదన. పలకలు వంగే గుణం గలవి గనుక కట్టలు జల్లెడలా అల్లుకుని నీటిని పట్టుకుంటాయి, నీరు తగ్గేకొద్దీ ముడుచుకుంటాయి. ప్రయోగశాలలో సోడియం మట్టికి మొదటి రెండు వాదాలు, పొలంలోని కాల్షియం మట్టికి మూడో వాదం ఎక్కువ సరిపోతాయన్నదే ఇప్పటి సాక్ష్యాలు చెబుతున్నది.

ఎండేటప్పుడు నాలుగు దశలు

కుదింపు గురించి స్పష్టమైన చిత్రం మొదట ఇచ్చినది 1923లో ఇంగ్లండులోని రోథాంస్టెడ్ పరిశోధన కేంద్రంలో హెయిన్స్ చేసిన పని. మట్టిగడ్డ ఎండుతున్నప్పుడు పోయిన నీటికి సరిసమానంగా పరిమాణం తగ్గే దశ ఒకటి ఉంటుందని ఆయన చూపించాడు. దాన్ని సాధారణ కుదింపు అన్నారు. ఆ తర్వాత ఖాళీల్లోకి గాలి చేరి కుదింపు మందగించే దశను శేష కుదింపు అన్నారు. 1954లో ఆస్ట్రేలియాలో స్టర్క్ వీటికి ముందు మరో దశను చేర్చాడు. పెద్ద రంధ్రాల నీరు పోయేటప్పుడు గడ్డ పెద్దగా కుదించుకోదు, అది నిర్మాణ కుదింపు. చివరికి ఎంత ఎండినా పరిమాణం మారని దశ వస్తుంది. ఆ హద్దుకు కుదింపు పరిమితి అన్న భావనను 1911లోనే స్వీడన్ శాస్త్రవేత్త అటర్‌బర్గ్ ఇచ్చాడు.

ఇంజినీరు కొలిచే కుదింపు పరిమితి, రైతు పొలంలోని కుదింపు ఒకటి కావు. మొదటిది నలిపి, పిసికి, నీటితో ముద్దచేసిన మట్టికి కట్టిన లెక్క. రెండోది వేర్లు, వానపాముల దారులు, పాత నెర్రెల జాడలు ఉన్న మట్టిది. నలిపిన మట్టిలో నిర్మాణ కుదింపు దశ దాదాపు మాయమవుతుంది. అందుకే ప్రయోగశాల అంకెలు పొలంలో కనిపించేదానికంటే తరచూ ఎక్కువగా ఉంటాయి.

గడ్డ కుదింపు నుంచి పొలం కుదింపుకు రావడానికి జ్యామితి కావాలి. మట్టి మూడు దిక్కుల్లోనూ సమానంగా కుదించుకుంటుందనుకుందాం. మీటరు మందం గల పొర పరిమాణంలో 20 శాతం కోల్పోతే నేలమట్టం సుమారు 7 సెంటీమీటర్లు దిగుతుంది. మిగిలిన 13 శాతం దాకా ఖాళీ నెర్రెలుగా తెరుచుకుంటుంది. నేలమట్టం ఎంత దిగిందో చూసి కుదింపు అంతేననుకుంటే దాదాపు మూడింట రెండు వంతులు లెక్కలోంచి జారిపోతాయి. డచ్ శాస్త్రవేత్త బ్రాన్స్‌విక్ ఈ లెక్కను నీటి ప్రవాహ నమూనాల్లోకి తెచ్చాడు. అయితే తడి మట్టి మొదట నిలువుగా దిగి, నెర్రెలు తెరుచుకున్నాకే అడ్డంగా కుదించుకుంటుందా, లేక మొదటినుంచీ మూడు దిక్కులా సమానంగానా అన్నది అన్ని నేలలకూ ఒకేలా తేలలేదు.

పొలంలో: నెర్రె మేలా, కీడా?

నల్లరేగడి తనను తాను దున్నుకుంటుందన్న మాట బడి పుస్తకాల్లోనూ ఉంది. దాని వెనక 1955లో హాల్స్‌వర్త్ బృందం ఆస్ట్రేలియాలో వివరించిన సిద్ధాంతం ఉంది. పైపొర గుల్ల మట్టి నెర్రెల్లోకి రాలుతుంది. కింద చోటు చాలక తడిసినప్పుడు మట్టి పక్కలకు, పైకి నెట్టుకొస్తుంది. ఇలా ఏళ్లకేళ్లు సాగితే నేల కిందా మీదా అవుతుంది, ఎగుడుదిగుళ్లు పుడతాయి. ఈ వాదానికి గట్టి అభ్యంతరాలు వచ్చాయి. నేల నిజంగా అంత కలగలిసిపోతే సుద్ద, లవణాలు లోతుతోపాటు క్రమంగా మారుతూ కనిపించకూడదు, కానీ కనిపిస్తున్నాయి. కలయిక ఉన్నా చాలా నెమ్మదని 1978లో యాలోన్, కల్మార్ వాదించారు. ఉబ్బిన మట్టి ఏటవాలు తలాల మీద కోసుకుని జారడమే ప్రధానమని తర్వాతి యాంత్రిక నమూనాలు చెప్పాయి. జారుడు ముఖాలు ఆ కోతకు ఆనవాళ్లు. ఇప్పుడు ఎక్కువమంది మొగ్గుతున్నది రాలే మట్టి వైపు కాదు, ఈ కోత వైపే.

నీటి లెక్క మరో వివాదం. ఎండిన నెర్రెల్లో తొలివాన నీరు నేరుగా లోతుకు దిగుతుంది. వాన తక్కువ ఉన్న చోట లోతు తేమకు ఇది వరమని కొందరంటారు. పైపొర తడవకుండానే నీరు, ఎరువు వేరును దాటి పోతాయని మరికొందరంటారు. నెర్రె గోడల నుంచి తేమ ఆవిరవుతుందని 1960లు, 70లలో అమెరికాలో ఆడమ్స్, హ్యాంక్స్, రిచీ కొలతలు చూపాయి. రైతు గుంటక తోలి నెర్రెలు పూడ్చడం ఈ వివాదానికి ఆచరణలో దొరికిన సమాధానం. తొలివానకు నెర్రె నీటిని మింగాలి, ఆ తర్వాత తేమను వదలకూడదు. 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఈ నీటి సమస్యనే వేరే దిక్కు నుంచి పట్టుకుంది. నల్లనేలలో ఖరీఫ్ పంట వేయడానికి ఎత్తు మడి, కాలువ పద్ధతిని అభివృద్ధి చేసింది. అదనపు నీరు కాలువలో పోతుంది, మడి మీది మట్టి బురద కాదు. అయితే ఆ పద్ధతి నిలకడగా వాన పడే చోట ఇచ్చిన ఫలితాలను అనంతపురం వంటి చోట నేరుగా ఆశించలేం. ఇక్కడి రైతు ఖరీఫ్‌లో నల్లనేలను బీడు ఉంచి సెప్టెంబరు, అక్టోబరుల్లో శనగ, జొన్న వేసేది అలసత్వంతో కాదు, వాన లెక్కతో.

ఉప్పు సంగతి

సోడియం పెరిగితే ఉబ్బు పెరగాలని ప్రయోగశాల చెబుతుంది. పొలంలో ఎప్పుడూ అలా జరగదు. సోడియం మట్టి రేణువులు నీటిలో విడివడి సన్నని రంధ్రాలను మూసేస్తాయి. నీరు లోపలికే వెళ్లకపోతే ఉబ్బేందుకు అవకాశమే ఉండదు. సీమలో మట్టిమిద్దెల పైకప్పుకు చౌడుమట్టి పరిచిన పెద్దలకు ఈ గుణం అనుభవంలో తెలిసిందే.

ఎంత సోడియం నుంచి హాని మొదలవుతుందన్నది పెద్ద వివాదం. 1954లో అమెరికా లవణ ప్రయోగశాల మార్పిడి సోడియం (మట్టి పట్టి ఉంచిన అయాన్లలో సోడియం వాటా) 15 శాతాన్ని గీతగా పెట్టింది. ఆస్ట్రేలియా 6 శాతానికి దించింది. మన నల్లనేలల్లో 5 శాతం దగ్గరే నీటి ప్రవాహం మందగిస్తుందని పాల్ బృందం చూపించింది. పొడి సీమలో కాల్షియం సుద్దగా గడ్డకట్టి, మిగిలిన సోడియం మట్టిని పట్టుకుంటుందనీ, ఎండతీవ్రత పెరిగేకొద్దీ ఇది ముదురుతుందనీ వారి హెచ్చరిక. బోరునీటి మీద నడిచే తోటలకు ఈ మూడు గీతల్లో ఏది సరైనదన్నది కాగితం మీది లెక్క కాదు, బతుకు లెక్క.

ఇల్లు, కాలువ, రోడ్డు

ఇంజినీర్ల చర్చ ఒక తేలిక పరీక్షతో మొదలవుతుంది. భారత ప్రమాణం ప్రకారం 10 గ్రాముల చొప్పున పొడి మట్టిని ఒక గాజు గొట్టంలో నీటిలో, మరొక దానిలో కిరసనాయిలులో వేసి 24 గంటల తర్వాత పరిమాణాలు పోలుస్తారు. కిరసనాయిలులో మట్టి ఉబ్బదు గనుక తేడాయే ఉబ్బు సూచిక. కొన్ని మట్టుల్లో ఈ సూచిక సున్నాకంటే కిందికి పోతుంది. ఈ లోపాన్ని ఎత్తిచూపి, తేడా బదులు నిష్పత్తి వాడమని బెంగళూరు ఐఐఎస్‌సీ ఆచార్యుడు ఎ. శ్రీధరన్ ప్రతిపాదించారు. ఒకే మట్టికి మూడు పద్ధతుల్లో ఉబ్బు పీడనం కొలిస్తే మూడు అంకెలు వస్తాయని కూడా 1986లో ఆయన బృందం చూపించింది. నేల ఏ దారిలో తడిసింది, ఎంత బరువు కింద తడిసింది అన్నది చెప్పని పీడనం అసంపూర్ణమన్నది దాని సారం.

పరిష్కారాల్లో నాలుగు దారులు నిలిచాయి:

- కదిలే పొరను దాటిపోవడం. రూర్కీ కేంద్ర భవన పరిశోధన సంస్థలో దినేష్ మోహన్ నాయకత్వంలో 1950లలో అభివృద్ధి అయిన, అడుగున బుడగలా వెడల్పయ్యే పైళ్లు. బలం: ఏడాది పొడవునా తేమ మారని లోతులో పట్టు. పరిమితి: చిన్న ఇంటికి ఖర్చు, నైపుణ్యం.
- పైన ఉబ్బని మట్టి కప్పడం. ఐఐటీ బొంబాయిలో ఆర్.కె. కట్టి ప్రతిపాదించిన, సుమారు మీటరు మందపు బంక ఉన్నా ఉబ్బని మట్టి పొర. కాలువ లైనింగుల కింద బాగా వాడుకలోకి వచ్చింది. పరిమితి: తడి, ఎండు పదేపదే సాగితే మొదటిసారి ఇచ్చినంత రక్షణ తర్వాత ఇవ్వదన్న విమర్శ.
- మట్టినే మార్చడం. సున్నం, సిమెంటు, బూడిద కలపడం. బలం: రోడ్ల అడుగు పొరకు అనువు. పరిమితి: లోతుకు సమంగా కలవడం కష్టం.
- నేలను పట్టి ఉంచడం. 2004లో బి.ఆర్. ఫణికుమార్, ఎ. శ్రీరామరావు, ఎం.ఆర్. మాధవ్ తదితరులు వివరించిన కంకర స్తంభాల లంగరు. పునాదిని అడుగు పలకకు కడ్డీతో కట్టడం వల్ల పైకి లేపే బలాన్ని కంకర రాపిడి అడ్డుకుంటుంది. పరిమితి: ప్రయోగాలతో పోలిస్తే ఊళ్లలో వాడకం తక్కువ.

మళ్లీ మళ్లీ తడిస్తే?

అన్ని పాయలూ చివరికి కలిసేది ఇక్కడే. తడి, ఎండు చక్రాలు సాగేకొద్దీ ఉబ్బు తగ్గుతుందా, పెరుగుతుందా? తగ్గుతుందని, మట్టి ‘అలసిపోతుంది’ అని 1970ల నుంచీ పలు ప్రయోగాలు చెప్పాయి. పెరుగుతుందని 1980లో పొపెస్కు అన్నాడు. ఈ విరోధానికి తాళంచెవి ఎండబెట్టే తీరులో ఉందని 1990లలో తేలింది. ప్రతిసారీ మొదటి తేమ దాకానే ఎండబెడితే ఉబ్బు తగ్గుతూ వస్తుంది. కుదింపు పరిమితి దాకా పూర్తిగా ఎండబెడితే పెరుగుతుంది. 2002లో త్రిపాఠి, సుబ్బారావు, ఫ్రెడ్లండ్ చేసిన కొలతల్లో సుమారు నాలుగు చక్రాలకు మట్టి ఒక నిలకడకు చేరింది. అక్కడినుంచి అది ఎస్ ఆకారపు ఒకే దారిలో ఉబ్బుతూ కుదించుకుంటూ ఉంటుంది.

అనంతపురానికి దీని అర్థం పెద్దది. వానాధార నల్లనేల ప్రతి వేసవిలో నిండా ఎండుతుంది. అది ఎప్పుడో నిలకడకు చేరిన నేల, దాని పైపొర గరిష్ఠ కదలికకు అలవాటుపడినది. కాలువ కింది నేల సగం ఎండి మళ్లీ తడుస్తుంది. ప్రయోగశాల మాట నిజమైతే దాని కదలిక ఏటేటా చిన్నదవాలి. కానీ జలాశయంలోకి నీరు రాని కరువు ఏడాది అదే నేల నిండా ఎండుతుంది. నాలుగేళ్ల తడితో అణగిన కదలిక ఒక్క కరువుతో తిరిగి లేస్తుందా? చక్రాలను ఒకే తీరుగా నడిపిన ప్రయోగాలు చాలా ఉన్నాయి. ఇలా తీరు మార్చి నడిపినవి కొద్దే.

తేలినవి, తేలనివి

తేలినవి మూడు. ఉబ్బుకు మూలం స్మెక్టైట్, కానీ ఎంత ఉబ్బాలో నిర్ణయించేది దాన్ని అంటిపెట్టుకున్న అయాన్, కట్టల అల్లిక. కుదింపు ఒకే గీత కాదు, దశలు గలది. నేలమట్టం దిగుడు మొత్తం కదలికలో కొంతే.

తేలనివి నాలుగు. మొదటిది, కాల్షియం నేలల్లో పొరల వాటా ఎంత, కట్టల మధ్య ఖాళీల వాటా ఎంత. రెండోది, పై మట్టి బరువు నీటి కదలికలో ఎలా చేరాలన్నది. 1969లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త ఫిలిప్ ఇచ్చిన సూత్రాన్ని మరుసటి ఏడాదే యంగ్స్, టౌనర్ ప్రశ్నించారు, ఆ చర్చ పూర్తిగా ముగియలేదు. మూడోది, సోడియం హద్దు. నాలుగోది, క్రమం తప్పిన తడి, ఎండు చక్రాల ప్రభావం.

నల్లరేగడి ఎంత ఉబ్బుతుందని అడిగితే ఒక్క అంకెతో జవాబివ్వడం తప్పు. ఏ తేమ నుంచి ఏ తేమకు, ఎంత బరువు కింద, ఏ నీటితో, ఎన్నో సారి అన్న నాలుగు ముక్కలు ఆ అంకెకు తోడుండాలి. గోడ చీలిన ఇంటివాడికి కావలసింది ఆ నాలుగూ కలిసిన అంకె. గార్లదిన్నె వంటి చోట కాలువ కింది నల్లనేలనూ వానాధార నల్లనేలనూ కొద్ది మైళ్ల దూరంలో పక్కపక్కన పెట్టి, మంచి ఏడూ కరువు ఏడూ కలిసొచ్చేలా కనీసం పదేళ్లు, నేలమట్టం, నెర్రె లోతు, తేమ, సోడియం నాలుగూ ఒకేచోట కొలవాలి. ప్రయోగశాలలు నూరేళ్లు విడివిడిగా వేసిన లెక్కలను కలిపే పని ఈ పీఠభూమి మీదే చేయగలం. కరువు ఇక్కడ ఎలాగూ వచ్చిపోతూనే ఉంటుంది. దానితో వచ్చే జ్ఞానాన్నైనా పోగొట్టుకోకూడదు.